నఖ్లే నమ్మని నీళ్లు

మా కొండ ఊరు కఫర్ షూహ్‌లో గడ్డం పెరిగే ప్రతివాడూ నా సెలూన్‌కే వస్తాడు, ఒక్క నఖ్లే తప్ప. ఆయన కోసం మాత్రం ప్రతి శనివారం కత్తెర సంచీ చంకన పెట్టుకుని నేనే పై వీధి ఎక్కాలి. కారణం అడిగితే మోకాళ్ల నొప్పులంటాడు. అబద్ధం. గల్ఫ్‌లో సగం జీవితం ఫోను టవర్లు ఎక్కి దిగిన మనిషి, ఇప్పటికీ నిచ్చెన లేకుండా ఇంటి కప్పెక్కుతాడు. అసలు కారణం ఏమిటంటే, నా సెలూన్లో కిటికీ పక్క కుర్చీ ఫద్దూల్‌ది. "మెడ మీద కత్తి పెట్టించుకుంటూ శత్రువుకి వీపు చూపించమంటావా, వకీమ్?" అని ఒకసారి నన్నే ఎదురడిగాడు.

అనుమానం నాకూ తక్కువేమీ కాదు. ఈ దేశంలో అనుమానం లేనివాణ్ణి చూస్తే నాకు వాడి మీదే అనుమానం. దాచుకున్న డబ్బు బ్యాంకులోనే ఇరుక్కుపోయింది. స్తంభాలకు తీగలున్నాయి, తీగల్లో కరెంటు లేదు. ఇక ఎవర్ని నమ్మాలి? కానీ నఖ్లే తీరు వేరు. కొత్త బ్లేడు కాగితం ఆయన కళ్ల ముందే చింపాలి. రొట్టెల ప్యాకెట్టు కొంటే చేత్తో తూచి చూస్తాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే, వీడు ఇవాళ ఎందుకు పలకరించాడా అని వారమంతా ఆలోచిస్తాడు.

ఆయనకు పిల్లలు లేరు. అయినా పెళ్లయిన మగాణ్ణి ఉత్తపేరుతో పిలవడం బాగుండదని, పుట్టని కొడుక్కి ఆయన తండ్రి పేరు పెట్టి ఊరంతా అబూ సాబా, అంటే సాబా నాన్న, అంటాం. భార్య మిలియా. పెళ్లయిన ఏడాది నుంచీ పొయ్యి ముందు కూర్చుని పల్చటి రొట్టెలు కాల్చి ఊళ్లో సగం ఇళ్లకు ఇచ్చింది. ఆ పొగంతా ఆమె లోపలే ఉండిపోయింది. ఇప్పుడు ముక్కుకు గొట్టం, గొట్టానికి ఆక్సిజన్ మిషన్, మిషన్‌కు కరెంటు. కరెంటు పోతే ముందు మిషన్ కీచుమని అరుస్తుంది, కాసేపటికి మిలియా పెదాలు నీలంగా మారతాయి. నఖ్లే చేసిన ప్రతి పనీ, తిట్టిన ప్రతి తిట్టూ ఆ పెదాల రంగు కోసమే. ఈ ఒక్కటీ ఊళ్లో ఎవరూ కాదనరు.

మా ఊరికి వెలుతురంటే ఫద్దూల్ జనరేటరే. ఇంటింటికీ తీగ లాగాడు, నెలనెలా చందా పిండుతాడు. డీజిల్ మిగుల్చుకోవడానికి అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా ఆపేస్తాడు. ఆ గంటలు మిలియా చిన్న ఆక్సిజన్ సిలిండర్ మీద నెట్టుకొచ్చేది. వాళ్లింటికి మాత్రం పక్కనే ఇంకో చిన్న జనరేటర్ ఉంది, అది ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. అందులో ఎవరి డీజిల్ పోస్తున్నాడన్నది ఊళ్లో అందరికీ ఉన్న అనుమానమే. ఒకసారి సాయంత్రం పూట, సిలిండర్ ఇంకా నింపించకముందే, పెద్ద జనరేటర్ చెప్పాపెట్టకుండా ఆగింది. మిలియాను ఎవరి కారులోనో వేసుకుని కొండ దిగారు, చివరి నిమిషంలో బతికింది. బెల్టు తెగిందంటాడు ఫద్దూల్. వాడే తెంపాడంటాడు నఖ్లే. నేను ఇద్దర్నీ నమ్మను.

మర్నాడే నఖ్లే ఫద్దూల్ తీగను కటింగ్ ప్లేయరుతో తెంపి, చుట్టగా చుట్టి, వాడి గేటుకు తగిలించి వచ్చాడు. ఆ తీగను ఫద్దూల్ కింది వీధిలో ఇంకెవరికో వాడేశాడు. పై వీధికి ఇక లైనే లేకుండా పోయింది.

కప్పు మీద సోలార్ పలకలు పెట్టడం వింత కాదు, అందరమూ పెట్టుకున్నాం. కానీ మా కొండ మీద చలికాలంలో పొగమంచు దిగిందంటే రోజుల తరబడి లేవదు. పలకలు అలా గుడ్డిగా పడి ఉంటాయి. బ్యాటరీలు ఎంతకని మోస్తాయి? నఖ్లే బ్యాటరీలు రెండు చలికాలాలకే చచ్చాయి. అప్పుడు ఆయన గల్ఫ్‌లో తనకు తెలిసిన విద్యను తవ్వి తీశాడు. ఎడారిలో మారుమూల టవర్లకు హైడ్రోజన్‌తో నడిచే కరెంటు పెట్టెలు ఉండేవట. అలాంటిది ఒకటి పాతది పట్టుకొచ్చాడు. బీరూట్‌లో లమీస్ అనే ఇంజనీరమ్మాయి నీళ్లను విరగ్గొట్టే ఇంకో మిషన్ అమ్మింది. ఒక వేసవి ఉదయం లారీ మీద పెద్ద తెల్ల ట్యాంకు ఎక్కి వచ్చింది.

"ఏంటిది, అబూ సాబా?" అని అడిగాను, గడ్డానికి సబ్బు రాస్తూ.

"ఎండ దాచుకునే ట్యాంకు. ఎండాకాలం పలకల్లో కరెంటు మిగిలిపోతుందిగా? దాంతో నీళ్లని విరగ్గొడితే గ్యాసొస్తుంది. అది ఇందులో దాచిపెడతా. మంచు దిగినప్పుడు ఆ గ్యాసుని ఆ పెట్టెలోకి వదిలితే మళ్లీ కరెంటూ నీళ్లూ అవుతుంది. పొగ లేదు, చప్పుడు లేదు, ఫద్దూల్ లేడు."

సెలూన్లో ఈ మాట చెప్పానో లేదో, ఫద్దూల్ ఒంటికాలి మీద లేచాడు. "నీళ్లతో కరెంటంట! అలాగైతే సముద్రం ఒడ్డునున్న బీరూట్‌కి చీకటెందుకురా? అది బాంబు. మన నెత్తి మీద పెట్టాడు. పేలిందనుకో, నీ కత్తెర నీకు పక్క ఊళ్లో దొరుకుద్ది."

నవ్వారు గానీ ఆ నవ్వులో పసలేదు. బీరూట్ రేవులో ఆ పేలుడు జరిగిన ఆగస్టు నుంచీ మా వాళ్లకు మూతపెట్టి ఉన్న పెద్ద వస్తువు ఏది చూసినా గుండెల్లో రాయి పడుతుంది. రోజుకో కథ పుట్టింది. ట్యాంకులో దొంగ డీజిల్ ఉందన్నారు. ఏదో విదేశీ ఎంబసీ పెట్టించిందన్నారు. చివరికి మునిసిపల్ పెద్ద, చర్చి ఫాదర్ కలిసి చూడటానికి వెళ్లారు. పెద్దాయన గేటు దగ్గరే ఆగాడు. ఫాదర్ చెయ్యి బారెడు చాపి, అంత దూరం నుంచే ట్యాంకు మీద దీవెన నీళ్లు చల్లి, గబగబా దిగొచ్చేశాడు.

అయితే ఆ మొదటి చలికాలం మిలియా ఇంట్లో దీపం ఆరలేదు. పొగమంచులో ఊరంతా మాయమైపోయినా పై వీధిలో ఒక కిటికీ పసుపుపచ్చగా వెలిగేది. నిజం చెప్పాలంటే నాకు అసూయ వేసింది. ఫద్దూల్‌కు భయం వేసింది. వాడి చందాదార్లు ఒక్కొక్కరే ఆ ట్యాంకు సంగతి వివరంగా అడగడం మొదలుపెట్టారు.

నఖ్లే ఇది కనిపెట్టాడు. కనిపెట్టాక ఆయనకు నిద్రలేదు. ట్యాంకు చుట్టూ ఇనుప వల కట్టాడు, వలకు తాళం వేశాడు. మా దగ్గర పెళ్లిళ్లలో గాల్లోకి తుపాకులు పేలుస్తారు, పైకెళ్లిన గుండు ఎక్కడ పడుతుందో ఎవడూ చూడడు. ఫద్దూల్ మేనల్లుడి పెళ్లి కుదిరిందని తెలియగానే నఖ్లే లారీల తుక్కు ఇనుము తెచ్చి ట్యాంకు మీద కప్పు వేసేశాడు. "పెళ్లి సాకుతో కొడతారు, చూస్తూ ఉండు" అన్నాడు. పెళ్లయింది, తుపాకులు పేలాయి, ట్యాంకు మీద ఒక్క గుండూ పడలేదు. "గురి తప్పింది" అన్నాడు నఖ్లే.

అన్నిటికంటే ఆయన భయం నీళ్ల మీద. ఆ మిషన్ మామూలు నీళ్లు తాగదు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కావాలి, అదీ మహా శుభ్రమైనది. జాహ్లె పట్నంలో ఒక బ్యాటరీ కొట్టు నుంచి క్యాన్లలో తెప్పించేవాడు. వేసవి చివర్లో ఒక క్యాను మూత వదులుగా కనిపించింది. ఆ కొట్టువాడి చెల్లెల్ని ఫద్దూల్ తమ్ముడికి ఇచ్చారని ఎవరో చెప్పారు. ఇంకేం కావాలి! ఉన్న క్యాన్లన్నీ తులసి కుండీల్లో పారబోశాడు.

"ఇక నా నీళ్లు నేనే తీసుకుంటా. పరాయివాడి చెయ్యి పడదు" అన్నాడు నాతో.

అక్టోబరులో మా కొండంతా ద్రాక్ష పులిసిన వాసన. ఇంటింటికీ తాతల నాటి రాగి సారాబట్టీ ఉంటుంది. దాంట్లో సోంపు వేసి అరక్ సారా దించుతాం. ఆ శనివారం నేను పై వీధి మలుపు తిరిగేసరికి నఖ్లే షెడ్డులోంచి సోంపు వాసన వచ్చింది. చిన్న వాసనే, కానీ నా ముక్కు ఈ విషయంలో మోసపోదు. తలుపు సందులోంచి చూస్తే బట్టీ కింద మంట, గొట్టం చివర చుక్కచుక్కగా పడుతున్న తెల్లటి నీరు.

"అబూ సాబా! సారా దించుతూ వకీమ్‌కి ఒక్క మాట చెప్పవా? ఇన్నేళ్లుగా నీ మెడ గీస్తున్నా!"

"సారా కాదు. నీళ్లు."

"సోంపు వాసనొస్తుంటే నీళ్లంటావేంటి?"

"మా నాన్న బట్టీ ఇది. ఆ వాసన దాని ఒంట్లో ఉంది. బూడిదేసి తోమా, నిమ్మకాయేసి మెరిసేదాకా రుద్దా. చూడు, అద్దంలా ఉంది. ఇదిగో, తాగి చూడు."

గ్లాసెడు ఇచ్చాడు. చప్పగా ఉంది, వెనక నుంచి ఎక్కడో సోంపు తగిలింది. అసలు సీసా దాచేసి నీళ్లు కలిపిన మురికి సారా నా మొహాన కొడుతున్నాడని అనుకున్నాను. ఒళ్లు మండింది. ఆ రోజు కత్తెర కాస్త గట్టిగానే వాడాను, చెవి దగ్గర కావాలనే వంకర ఉంచాను. ఆయన గమనించలేదు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. కొట్టువాడి మూత లేదు, పరాయి చెయ్యి లేదు. ఎండ తనది, నీళ్లు తనవి, బట్టీ నాన్నది.

నవంబరులో కూడా ఎండలు బాగానే కాశాయి. ట్యాంకులో గ్యాసెంతుందో చూపే ముల్లు మాత్రం పైకి లేవడం మానేసింది. ముందు నెమ్మదించింది, తర్వాత దాదాపు ఆగింది. నేను వెళ్లిన శనివారం నఖ్లే ముల్లు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మొహం పాలిపోయింది.

"ఏదో చేశారు, వకీమ్."

"ఎవరు?"

"ఎవరంటావేంటి? నాకు దీపం ఉంటే ఎవడికి నష్టం? పైపుకి చిల్లు పెట్టారేమోనని సబ్బు నురగ రాసి అంతా చూశా. చిల్లు లేదు. అయితే లోపలికే వచ్చారు."

"తాళం వేసే ఉందిగా?"

"తాళం చేసినవాడెవడు? ఫద్దూల్ వాళ్ల చుట్టం."

మంచం మీంచి మిలియా నవ్వబోయి దగ్గింది. "సూర్యుడు కూడా ఫద్దూల్ వాళ్ల చుట్టమేనంటాడు రేపు" అంది నాతో. ఆమె నోట మాట రావడమే అరుదు, వస్తే ఇలాంటిది. నఖ్లే వినిపించుకోలేదు.

ఆ తర్వాతే సెయింట్ బార్బరా పండుగ వచ్చింది. ఆ రోజు ప్రతి ఇంట్లోనూ గోధుమలు ఉడికించి, చక్కెర, సోంపు, దానిమ్మ గింజలు వేసి ఇరుగుపొరుగుకు పళ్లేలు పంచుతారు. ఎంత పగ ఉన్నా ఆ పళ్లెం ఎవరూ కాదనరు, ఖాళీ పళ్లెం తిరిగి పంపరు. ఫద్దూల్ భార్య నజీబే స్వయంగా కొండెక్కి వచ్చింది. నజీబే, మిలియా ఒకప్పుడు ఒకే పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాల్చినవాళ్లు. తీగ తెగినప్పటి నుంచి ఆమె ఈ గడప తొక్కలేదు. నేను నఖ్లే జుట్టు సగం కత్తిరించి ఉన్నాను. మెడ చుట్టూ నా తుండుతోనే ఆయన లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇందులో ఏం కలిపావు?"

నజీబే ముందు నవ్వింది, సరదా అనుకుంది. "గోధుమలు కలిపా, అబూ సాబా. ఏం కలుపుతారు? మిలియాకి ఇష్టమని దానిమ్మ ఎక్కువేశా."

"మీ ఆయన పంపాడా?"

"పండగ పంపింది."

నఖ్లే పళ్లెం అందుకున్నాడు. గోడ మీంచి వీధిలోకి వంచేశాడు. ఖాళీ పళ్లెం ఆమె చేతిలో పెట్టాడు.

నా చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. పండుగ పళ్లెం పారబోయడం నేను చూడలేదు, మా నాన్న చూసినట్టు చెప్పగా కూడా వినలేదు. నజీబే పళ్లెం కోటు కింద దాచుకుని దిగిపోయింది. మంచం మీద మిలియా మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. అది దగ్గు కాదని నాకు తెలుసు.

అంతటితో ఆగితే బాగుండేది. ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందు అందరూ వింటుండగా నఖ్లే ఫద్దూల్ కాలర్ పట్టుకున్నాడు. "నా మిషన్లో ఏం పోశావో చెప్పు! నా భార్య ఊపిరితో ఆడుకుంటావా?" అన్నాడు. ఫద్దూల్ కాలర్ విడిపించుకుని, "నీ ఇంటి గాలి కూడా నాకొద్దు, పిచ్చోడా! నీ భార్యే గనక లేకపోతే నిన్నీ మెట్ల మీంచే దొర్లించేవాణ్ణి" అన్నాడు. ఊరు రెండు ముక్కలైంది. మా సెలూన్లో మెజారిటీ ఫద్దూల్ వైపే, ఎందుకంటే మెజారిటీ ఇళ్లలో వాడి తీగే వెలుగుతోంది. నేను మాత్రం ఫద్దూల్ చేతులు చూశాను. నల్లగా ఉన్నాయి. డీజిల్ వాడి చేతులు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి, అయినా చూశాను.

లమీస్‌ను పిలిపించమని పట్టుబట్టింది మిలియాయే. ఆ అమ్మాయి చిన్న కారులో, పెద్ద బూట్లతో వచ్చింది. అప్పటికి పొగమంచు దిగిపోయింది, మధ్యాహ్నానికే దీపం కావలసి వచ్చింది. సాక్షిగా ఉండమని నఖ్లే నన్ను రమ్మన్నాడు. దొంగ ఎవరని తేలినా సాక్షి కావాలిగా. లమీస్ మిషన్ మూత విప్పింది, నీళ్ల ఫిల్టరు బయటికి లాగింది. తెల్లగా ఉండాల్సింది చిలకపచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కనుబొమలు ముడిచింది.

"బాబాయ్, ఈ నీళ్లెక్కడివి?"

"నావి. నేనే దించా. వేరేవాడి చెయ్యి పడలేదు."

"దేంట్లో దించారు?"

నఖ్లే గర్వంగా షెడ్డు మూలకు చూపించాడు. రాగి బట్టీ తళతళమంటోంది. లమీస్ దాని దగ్గరకు వెళ్లి వేలితో గొట్టం లోపల రుద్దింది.

"దేంతో తోమారు?"

"నిమ్మకాయతో."

ఆ పిల్ల పచ్చబడ్డ ఫిల్టరును మెరుస్తున్న గొట్టం పక్కన పెట్టి చూసింది. అప్పుడే నాకు విషయం సగం అర్థమైంది. తర్వాత మెల్లగా చెప్పింది. "నిమ్మకాయతో రుద్దితే రాగి కరుగుద్ది, బాబాయ్. అది నీళ్లలోకి దిగింది. సోంపు నూనె కూడా దిగింది. ఈ మిషన్ లోపల ఒక పల్చటి పొర ఉంటది, నీళ్లని విరగ్గొట్టేది అదే. మీరు పోసిన ప్రతి చుక్కా దాన్ని చంపింది. ఇక పనికిరాదు. కొత్త పొర బయటి దేశం నుంచి రావాలి. క్రిస్మస్ సెలవులు కదా, పండగలైతే గానీ రాదు."

"మరి... ఎవరో లోపలికొచ్చి..."

"ఎవరూ రాలేదు."

నఖ్లే చెయ్యి బట్టీ మీద వేసి నిలబడ్డాడు. నేను ఆయన మొహం చూడలేకపోయాను. గ్లాసెడు నీళ్లు నేను తాగాను, రుచి తెలిసింది, అయినా నా అనుమానం సీసా మీదికి పోయింది గానీ నీళ్ల మీదికి పోలేదు. మా కొండ మీద ఏ మగాడైనా అలాంటి బట్టీతోనే దించేవాడు. నీళ్లు చుక్కచుక్కగా తీయడానికి మాకు తెలిసిన దారి అదొక్కటే.

ట్యాంకులో ఉన్న గ్యాసు మిలియా మిషన్‌కు ఎన్నాళ్లో రాదని లమీస్ చెప్పి, రోడ్డు మూసుకుపోకముందే దిగిపోయింది. నఖ్లే ఇంట్లో మిగతా దీపాలన్నీ ఆర్పేశాడు, ఫ్రిజ్ తీగ పీకేశాడు. ఒక్క ఆక్సిజన్ మిషన్ మాత్రం ఆడుతోంది. పొగమంచు తర్వాత మంచు కురిసింది. అంబులెన్స్ వాళ్లు కింది వంతెన దగ్గరకొచ్చి ఆగిపోయారు. ముల్లు దిగుతూనే ఉంది. ఆ ముల్లు ఎరుపు గీతకు దిగిన రోజు ఉదయం నఖ్లే నా సెలూన్ తలుపు తోసుకుని వచ్చాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. కిటికీ పక్క కుర్చీలో ఫద్దూల్ ఉన్నాడు.

నఖ్లే టోపీ తీశాడు. "మా వీధికి తీగ కావాలి."

ఫద్దూల్ నా అద్దంలోంచే చూశాడు. "ఏంటి ఈ కొత్త నాటకం? నీ నీళ్ల కరెంటేమైంది?"

"నేనే పాడుచేసుకున్నా. నువ్వు కాదు."

"ఏంటీ? సరిగ్గా వినపళ్లా."

"నువ్వు కాదన్నా."

ఫద్దూల్ లేచాడు. వాడి కళ్లలో సంతోషం ఉంటుందనుకున్నాను. లేదు, అనుమానమే ఉంది. "ఈ మాట నా సెలూన్లో కాదు. చర్చి ముందు అన్నావు, చర్చి ముందే వెనక్కి తీసుకో. ఆదివారం రా. ఆ తర్వాత తీగ సంగతి మాట్లాడదాం."

సెలూన్ నాది, వాడిది కాదు. ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది. నఖ్లే పెదవి కొరుక్కుని నిలబడ్డాడు. అప్పుడు తలుపు దగ్గర్నుంచి నజీబే గొంతు వినిపించింది. భర్తకు తినడానికేదో తెచ్చినట్టుంది, చేతిలో గిన్నె ఉంది.

"ఆదివారం దాకా మిలియా ఊపిరి బిగబట్టుకుని ఉంటుందా?" అంది ఫద్దూల్‌తో. "పై వీధికి తీగ లాగడానికి ఈ మంచులో ఎన్నాళ్లు పడుద్దో నీకు తెలీదా? ఆమెని మనింటికి తీసుకురండి. మంచంతో సహా తీసుకురండి. మన చిన్న జనరేటర్ రాత్రింబవళ్లు ఆడుతూనే ఉంటదిగా, ఊరందరికీ తెలిసిందే."

ఫద్దూల్ మొహం మాడ్చుకున్నాడు గానీ ఎదురు చెప్పలేదు. వీధిలో పారబోసిన పళ్లెం సంగతి ఆమె ఎత్తుతుందేమోనని నేను ఎదురుచూశాను. ఎత్తలేదు. నఖ్లే ఆమె వైపు చూడలేకపోయాడు.

మిలియాను కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పట్లు చుట్టి, చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఒళ్లో పెట్టి, నలుగురం మోసుకుంటూ దిగాం. ముందు వైపు నఖ్లే, నేను. వెనక వైపు ఫద్దూల్, వాడి తమ్ముడు. మంచులో కాలు జారినప్పుడల్లా "చూసుకో" అని నఖ్లే అరిచేవాడు, "నువ్వు చూసుకో" అని ఫద్దూల్ అరిచేవాడు. దారి పొడుగునా వాళ్లిద్దరి మధ్యా నడిచిన మాటలు ఇవే. ఫద్దూల్ ఇంట్లో చలి కాచుకునే స్టవ్ పక్కన మంచం వేసి ఉంది. ఆక్సిజన్ మిషన్ తీగ గోడకు తగిలించారు, మిషన్ గురకపెట్టడం మొదలుపెట్టింది. నజీబే మంచం అంచున కూర్చుని మిలియా చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. మిలియా ఏడుస్తోంది, నవ్వుతోంది, రెంటికీ ఊపిరి చాలక ఆయాసపడుతోంది. "దానిమ్మ మిగిలిందా?" అని అడిగింది.

నఖ్లే మాత్రం తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. "నేనిక్కడే కూర్చుంటా" అన్నాడు ఫద్దూల్‌తో.

"ఎందుకు? నమ్మకం లేదా?"

"లేదు."

"మంచిది. నాకూ నీ మీద లేదు. నా ఇంట్లో కూర్చుని నువ్వేం చూస్తావో, రేపు ఊళ్లో ఏం చెప్తావో." ఫద్దూల్ కాసేపు నిలబడి చిన్న జనరేటర్ చప్పుడు విన్నాడు. తర్వాత నడుముకు కట్టుకున్న తాళంచెవుల గుత్తిలోంచి ఒకటి విప్పాడు. జనరేటర్ల షెడ్డు తాళంచెవి. దాన్ని సొంత తమ్ముడి చేతికి కూడా ఇవ్వడని ఊళ్లో అందరికీ తెలుసు. తమ్ముడు పక్కనే నిలబడి నోరు తెరిచాడు. "ఇదిగో. ఆపేవాణ్ణి నేనే అని కదా నీ గోల? ఇకనుంచి ఆపినా ఆడించినా నువ్వే. నాకు నిద్రన్నా మిగుల్తది."

నఖ్లే తాళంచెవి అందుకున్నాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. మళ్లీ మంచులోకి నడిచాడు.

"చూశావా, వకీమ్?" అన్నాడు ఫద్దూల్ నాతో. "అసలుదో కాదో చూసుకోడానికి పోతున్నాడు!"

నిజమే. నేను వెనకే వెళ్లాను. నఖ్లే షెడ్డు తాళంలో చెవి పెట్టి తిప్పాడు. తెరుచుకుంది. లోపలి వేడి, డీజిల్ వాసన మా మొహాలకు కొట్టాయి. ఆయన చేతిలో తాళం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత గడప మీద కూర్చుండిపోయి, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఎవరూ నాకేమీ చెయ్యలేదు, వకీమ్" అన్నాడు టోపీలోంచే. "ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆమెకి చేసింది నేనే."

నేను ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్లి, చిన్న జనరేటర్ మూత తీసి, అందులో డీజిల్ ఎంతుందో చూశాను. నిండుగా ఉంది.